దూరము దోషము కాదు

2011 జూలై 18వ తేదీన కజకస్తానములోని బైకనూరు నుండి రష్యా శాస్త్రజ్ఞులు స్పెక్టర్-ఆర్ అను ఉపగ్రహమును కక్ష్యలో ప్రవేశపెట్టిరి. 10 మీటర్ల వెడల్పు గల దాని ఆంటెన్నా 27 రేకులుగా ముడుచుకొని పోయి, అంతరిక్షమున పువ్వువలె విచ్చుకొనినది. కంటికి గోచరింపని రేడియో తరంగములను సుదూర నక్షత్రమండలముల నుండి గ్రహించుటయే దాని పని.

భూమిమీద అంతకంటె ఎంతో పెద్ద ఆంటెన్నాలుండగా దాని విశేషమేమి? అది మనకు సుమారు మూడున్నర లక్షల కిలోమీటర్ల దూరము వరకు పోయెడిది. అదియు, జర్మనీ, అమెరికా మున్నగు దేశముల దూరదర్శినులును ఒకే వస్తువును ఒకే సమయమున పరికించి, ఆ లెక్కలను జోడించినచో, నడుమ నున్న దూరమంత వెడల్పు గల దూరదర్శినికి ఉండదగిన సూక్ష్మదృష్టి లభించును. అయితే కాలగణనము లవలేశమైనను తప్పరాదు. అందులకే హైడ్రోజన్ పరమాణువులచే నడచు గడియారమును దానియం దమర్చిరి. రెండూళ్ల అంగళ్ల చిట్టాలు తేదీవారీగా సరిపోలిననే గదా పద్దు కుదురును!

సోవియట్ కాలమున తలపెట్టిన ఈ యత్నము, ఆ రాజ్యమే అంతరించినను, నికొలాయ్ కర్దషేవ్ ప్రభృతుల పట్టుదలచే నెరవేరినది. 2019 జనవరిలో ఉపగ్రహము భూమినుండి పంపిన ఆజ్ఞలకు స్పందించుట మానినది. అది పంపిన సమాచారము మాత్రము నిలిచినది.

తరతరములుగా తెలుగునేలకు దూరముగ నున్న మనము ఆ దూరమును నిందించుట పాడిగాదు. మనకు కొరవడినది పొందిక. ఊరూరి సంఘములును బాలబాలికల తెలుగు తరగతులను ఒకే పాఠ్యక్రమమున, ఒకే దినములందు నడుపుటకు పూనుకొనుగాక!