నీరు ఆగే వేళ

ఇంజనీరింగు చదివిన పాఠకులకు టకోమా వంతెన కథ సుపరిచితమే. 1940 జూలై 1న ప్రారంభమైన ఆ వ్రేలాడే వంతెన, అదే సంవత్సరం నవంబరు 7న గంటకు 60 కిలోమీటర్లు దాటిన గాలికి మెలికలు తిరిగి కూలిపోయింది. ఆ చలనచిత్రాన్ని విద్యార్థి దశలో కన్నార్పక చూసినవారిలో మేమూ ఒకరము. కనుక, అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో ఉన్న మా అమ్మాయి ఇంటికి వెళ్ళినప్పుడు సతీసమేతంగా ఆ స్థలం చూడబోయాము. వంతెన చూడడం పది నిమిషాలలో ముగిసింది. మిగిలిన ఉదయమంతా నీటిని చూస్తూ గడిపాము.

ప్యూజెట్ సౌండ్ అనే సముద్రపు పాయ దక్షిణ భాగానికి పోయే నీరూ, వచ్చే నీరూ ఈ ఇరుకైన జలసంధి గుండానే సాగాలి. విశాఖ తీరంలో పోటుకూ పాటుకూ నీటిమట్టంలో తేడా సాధారణంగా రెండు మీటర్లకు లోపే. ఇక్కడ రోజులోని గరిష్ఠ, కనిష్ఠ మట్టాల మధ్య సగటున మూడున్నర మీటర్ల పైచిలుకు! ఆ నీరు గంటకు తొమ్మిది కిలోమీటర్ల వేగాన్ని కూడా అందుకుంటుంది. కూలిన వంతెన శిథిలాలు నేటికీ అడుగుననే ఉన్నాయి. 1992లో వాటిని చారిత్రక స్థలాల జాతీయ జాబితాలో చేర్చారు.

సమీపంలోనే డే ఐలండ్ వద్ద, నీటి అడుగున గోడ వంటి నిట్రమైన అంచు ఒకటి ఉన్నది. దాని కన్నాలలో అతి పెద్ద జాతి ఆక్టోపస్‌లు కాపురముంటాయి. వాటిని చూడడానికి స్కూబా డైవర్లు గట్టు నుండే నీటిలో దిగుతారు. ఇది అనుభవజ్ఞులకు మాత్రమే తగిన చోటు. సరంజామా ధరించిన మనిషి గంటకు రెండు కిలోమీటర్ల ప్రవాహానికి ఎదురీదడమే గగనం. పైగా వేగం రెండింతలైతే తోపుడు నాలుగింతలవుతుంది. ఇరవై మీటర్ల లోతున పీడనం ఉపరితలానికి మూడింతలు కనుక సిలిండరులోని గాలీ మూడింతల వేగంతో ఖర్చవుతుంది. కొట్టుకుపోతూ ఆయాసపడేవానికి ఇంకా త్వరగా తరుగుతుంది.

అందుచేత ప్రవాహం దిశ మార్చుకునే ముందు నీరు నిలిచే ఆ కొద్ది నిమిషాల కోసం కాచుకోవాలి. మట్టం గరిష్ఠానికి చేరిన క్షణమే నీరు ఆగుతుందని మేము భావించాము. అది పొరపాటట! మట్టాలకు ఒక పట్టిక, ప్రవాహాలకు వేరొక పట్టిక ఉన్నాయి. ఆ రెండవదైనా అంచనాయే.

ఆనాడు నెరసిన జుట్టు గల ఇద్దరు డైవర్లు గంట ముందే వచ్చి, చలినీటికి తగిన దుస్తులు ధరించి, గట్టున కూర్చున్నారు. పట్టికలోని వేళ వచ్చింది. తేలే నాచు ముక్కలు మాత్రం ఆగలేదు. ఇరవై నిమిషాలు గడిచినా అవి సాగిపోతూనే ఉన్నాయి. ఒకరు తల అడ్డంగా ఊపారు. రెండవవారు మారు మాటాడక సిలిండరు విప్పసాగారు.

యంత్రం నిలిపి మరమ్మతు చేసే వేళ, అనుమతించిన గడువు దాటుతున్నా "ఇంత దూరం వచ్చాము కదా, కానివ్వండి" అనే మాట మన కర్మాగారాలలో ఎన్నిసార్లు వినలేదు? మేమూ అన్నవారమే. ఒకసారి ఆ మాటకు మా సహాయకుని చేతివ్రేళ్ళు రెండు నలిగాయి.

అంత దూరం కారులో వచ్చి దిగకుండా వెళ్ళడం బాధగా లేదా అని మా శ్రీమతి వారిని అడిగింది. పెద్దాయన నవ్వి, రేపు నీరు ఇంచుమించు యాభై నిమిషాలు ఆలస్యంగా ఆగుతుంది గనుక ఉదయం ఇంకొంచెం సేపు నిద్రపోవచ్చునని బదులిచ్చారు.