ఆ సార్ ఇంకా అక్కడే ఉన్నారా?

మీ కాలేజీ ప్రిన్సిపాల్ పేరు అడిగితే టక్కున చెప్పేస్తారు. మరి పీడీ సార్ పేరు? ఆలోచిస్తున్నారా! మనలో చాలామంది పరిస్థితి అంతే. స్కూల్లో గేమ్స్ పీరియడ్‌ను మ్యాథ్స్ సార్ పట్టుకుపోయారు. ఇంజనీరింగ్‌లో పీడీ సార్ కనిపించింది యాన్యువల్ డే నాడు మైకు దగ్గరే. అందుకే కోచ్ అంటే మెడల్ వచ్చాక ఫొటోలో ఓ పక్కన నిలబడే మనిషి అనుకుంటాం. ఆ ఫొటోకు ముందు ఆ మనిషి ఎన్నేళ్లు అదే గ్రౌండ్‌లో ఉన్నారో ఎవరం అడగం.

అడిగితే ఏం తెలుస్తుందో చెప్పడానికి అమెరికాలో ఆడపిల్లల కాలేజీ బాస్కెట్‌బాల్ మంచి ఉదాహరణ. అందులో చాలా పెద్ద పేరు టెన్నెసీ యూనివర్సిటీ కోచ్ ప్యాట్ సమిట్.

ఆమెది పాడి రైతు కుటుంబం. ఊళ్లో హైస్కూల్‌కు ఆడపిల్లల టీమ్ లేదు. కూతురి ఆట ఆగిపోకూడదని, టీమ్ ఉన్న పక్క ఊరికి ఇంటిల్లిపాదీ మకాం మార్చారు. 1974లో, 22 ఏళ్లకే ఆమె టెన్నెసీ హెడ్ కోచ్ అయింది. జీతం నెలకు 250 డాలర్లు. టీమ్ జెర్సీలు తనే ఉతికేది, మ్యాచ్‌లకు వ్యాన్ తనే నడిపేది. ‘అమెరికా కదా, డబ్బులకేం’ అనుకుంటాం గానీ ఆడపిల్లల ఆటకు అప్పట్లో అక్కడా అంతే. ప్రభుత్వ డబ్బు తీసుకునే విద్యాసంస్థల్లో ఆడ, మగ తేడా చూపొద్దన్న ‘టైటిల్ నైన్’ చట్టం వచ్చి అప్పటికి రెండేళ్లే.

ఆమె కదల్లేదు. 2012 దాకా, 38 సీజన్లు, అదే కాలేజీ. 1,098 గెలుపులు, 8 జాతీయ టైటిళ్లు. వాటిలో మొదటిది ఎప్పుడొచ్చిందో తెలుసా? 1987లో. అంటే 13వ సీజన్‌లో. మన దగ్గరైతే మూడో ఏడాదికే ‘రిజల్ట్ ఏది?’ అంటారు.

నాకు వీటన్నిటికంటే నచ్చిన లెక్క ఇంకోటి ఉంది. ఆమె దగ్గర పూర్తికాలం ఆడిన ప్రతి అమ్మాయీ డిగ్రీ పూర్తి చేసింది. క్లాసులో మొదటి మూడు వరసల్లోనే కూర్చోవాలి, డుమ్మా కొట్టొద్దు. ఇది ఆమె రూల్. ‘ఆటలో పడితే చదువు పోతుంది’ అనే అమ్మానాన్నలకు ఇంతకంటే మంచి జవాబేముంది?

2011లో అల్జీమర్స్ అని తేలాక కూడా ఆమె ఒక సీజన్ నడిపింది. ఆ తర్వాత బాధ్యత తీసుకున్నది ఆమె దగ్గరే ఆడి, ఆమెకే ఏళ్ల తరబడి అసిస్టెంట్‌గా పనిచేసిన హాలీ వార్లిక్. సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్లకు దీని విలువ బాగా తెలుసు. సీనియర్ రిజైన్ చేస్తే వారం రోజుల కేటీలో పాస్‌వర్డ్‌లు చేతికొస్తాయి. ఏది ఎందుకలా చేశారన్నది మాత్రం పక్కన కూర్చుని పనిచేసినవాళ్లకే వస్తుంది.

మన దగ్గరికి వద్దాం. కరీంనగర్‌లో బస్సెక్కి జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, ఆర్మూర్ దాటితే నిజామాబాద్. ఆదిలాబాద్ వాళ్లకైతే నిర్మల్ తర్వాత గోదావరి దాటడమే. అక్కడ ఆట వేరు, బాక్సింగ్. కోచ్ సంసముద్దీన్. ఆయన కొడుకు హుసాముద్దీన్ 2018, 2022 కామన్వెల్త్ క్రీడల్లో కాంస్యాలు తెచ్చాడు. అదే ఊళ్లో చిన్నప్పటి నిఖత్ జరీన్, అన్ని ఆటల్లో అమ్మాయిలున్నారు, బాక్సింగ్‌లో ఎందుకు లేరని నాన్నను అడిగింది. మొదట్లో తోటి అమ్మాయిలు లేక అబ్బాయిలతోనే స్పారింగ్. మొహం మీద దెబ్బలు చూసి, నిన్నెవరు పెళ్లి చేసుకుంటారని తల్లి బెంగపడింది. 2022లో, 2023లో ఆ అమ్మాయే ప్రపంచ చాంపియన్. ఇదంతా మనకు తెలిసిన కథే. కానీ ఆ పిల్ల ప్రశ్న అడిగిన రోజున గ్లోవ్స్ తొడిగి నేర్పడానికి ఊళ్లో ఒక కోచ్ ఉన్నాడు చూడండి, అది మనం పట్టించుకోని సగం.

ఉమ్మడి వరంగల్ జిల్లాలోని కల్లెడ కూడా అంతే. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో విలువిద్యలో పోటీపడిన ప్రణీత, 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల కాంస్యం గెలిచిన జీవాంజి దీప్తి, ఇద్దరూ ఆ ఊరి ఆర్డీఎఫ్ స్కూల్ పిల్లలే. దీప్తి పరుగును మొదట గుర్తించింది బడి పీఈటీ సారే.

కరీంనగర్‌లో అంబేద్కర్ స్టేడియం ఉంది, ఆదిలాబాద్‌లో ఇందిరా ప్రియదర్శిని స్టేడియం ఉంది. రెండుచోట్లా స్పోర్ట్స్ స్కూళ్లూ ఉన్నాయి. కొత్త కోర్టు వేస్తే రిబ్బన్ కట్ చేయొచ్చు, ఫొటో పడుతుంది. ఒక కోచ్ పదేళ్లు అక్కడే ఉంటే ఏ ఫొటో పడదు. కానీ ఉట్నూరు నుంచో, జైనూరు నుంచో బిడ్డను హాస్టల్‌కు పంపే తల్లి కోర్టును చూసి పంపదు, మనిషిని చూసి పంపుతుంది. పెద్దబిడ్డకు నేర్పిన సారో, మేడమో ఇంకా అక్కడే ఉన్నారంటే చిన్నబిడ్డను పంపడానికి ధైర్యం వస్తుంది. ఏడాదికో కొత్త ముఖం కనిపిస్తే ఆ ధైర్యం మళ్లీ మొదటికొస్తుంది.

చెల్లినో, అక్క కూతురినో కాలేజీలో చేర్పించేటప్పుడు ఫీజెంత, ప్లేస్‌మెంట్స్ ఎన్ని అని మనమే కదా వెళ్లి అడిగేది. ఈసారి ఇంకో రెండు ప్రశ్నలు కలపండి. అమ్మాయిల టీమ్ ఉందా? కోచ్ వచ్చి ఎన్నేళ్లయింది? ‘ఈ ఏడాదే తీసుకున్నాం’ అంటే, వచ్చే ఏడాది వెళ్లి మళ్లీ అడగండి.