లెక్కల్లో ఆడపిల్లల వాటా

ప్రతి ఏటా పదో తరగతి ఫలితాలు వెలువడగానే రాయలసీమ పల్లెల్లో ఒక నిర్ణయం జరిగిపోతుంది. పాసైన అమ్మాయిని పై చదువుకు పంపాలా వద్దా అన్నది మొదటి మాట. పంపితే ఏ గ్రూపులో చేర్పించాలన్నది రెండో మాట. మొదటిదాని గురించి స్త్రీల సంఘాలు చాలాకాలంగా మాట్లాడుతూనే ఉన్నాయి. రెండోదాన్ని మనం అంతగా పట్టించుకోలేదు. కానీ ఎంపీసీ కాదని మరో గ్రూపులో చేరిన అమ్మాయికి ఇంజనీరింగు, ఆర్కిటెక్చరు, డిగ్రీలో గణితం దాదాపు మూసుకుపోయినట్టే. 2021లో సుప్రీంకోర్టు ఆదేశంతో నేషనల్ డిఫెన్స్ అకాడమీలో అమ్మాయిలకు ప్రవేశం దొరికింది. అందులోనూ నావికాదళానికి, వైమానిక దళానికి వెళ్ళాలంటే ఇంటర్‌లో గణితం, భౌతికశాస్త్రం చదివి ఉండాలి. ఢిల్లీలో సంపాదించుకున్న హక్కు కోసిగి, కౌతాళం, చాపాడు లాంటి చోట్ల పదిహేనేళ్ళ వయసులోనే చేజారిపోతోంది.

"ఆడపిల్లకు ఆ లెక్కలు యాల? సీఈసీ తీసుకో మే, సులువుగా పాసైతావు" అన్నది కర్నూలు, కడప పల్లెల్లో తరచుగా వినపడే మాట. దీన్ని ప్రేమతోనే అంటారు. కానీ ఈ ప్రేమ వెనక చాలా పాత నమ్మకం ఉంది. మన అమ్మల తరంలో హైస్కూల్లోనే కాంపోజిట్ లెక్కలు, జనరల్ లెక్కలు అని రెండుండేవి. ఆడపిల్లల్ని ఎక్కువగా జనరల్ లెక్కల వైపు, గృహవిజ్ఞానం వైపు నడిపించేవారు. 1960లలో హంసా మెహతా అధ్యక్షతన ఏర్పడిన సంఘం, ఆడా మగా అన్న తేడాతో వేర్వేరు పాఠ్యక్రమాలు పెట్టడానికి శాస్త్రీయమైన ఆధారం లేదని తేల్చింది. 1966లో కొఠారి కమిషన్ పదో తరగతి వరకూ గణితం, విజ్ఞానశాస్త్రం అందరికీ తప్పనిసరి చెయ్యాలని సిఫార్సు చేసింది. అందువల్లనే ఇవాళ పదో తరగతి దాకా అన్నా చెల్లెలూ ఒకే లెక్కలు చేస్తున్నారు. పరీక్ష రాసిన మర్నాటి నుంచి మాత్రం చెల్లెలి మెదడు మారిపోయినట్టు మాట్లాడటం మొదలవుతుంది!

ఆడవాళ్ళకు లెక్కలు రావన్న మాటకు జవాబు మన మధ్యనే ఉంది. 1990లలో కర్నూలు జిల్లా ఓర్వకల్లు మండలంలో పొదుపు సంఘాలు కట్టిన స్త్రీలలో చాలామందికి అక్షరాలు రావు. అయినా ఎవరు ఎంత పొదుపు చేశారు, ఎవరి అప్పు ఎంత తీరింది, నూటికి రెండు రూపాయల చొప్పున వడ్డీ ఎంతయింది అన్న లెక్కలు నోటితోనే తేల్చారు. ఆ తల్లుల కూతుళ్ళకు వర్గ సమీకరణాలు కొరుకుడు పడవని ఎవరు నిర్ణయించారు?

మరి ఆడపిల్లలు ఎక్కడ వెనకబడుతున్నారు? గణితానికి తెలివితో పాటు తీరిక కావాలి. ఒక లెక్కను నాలుగుసార్లు తప్పు చేసి, అయిదోసారి సరిచేసుకోవాలి. పైగా అది మెట్ల వరస. మొదటి సంవత్సరంలో అవధులు అర్థం కాకపోతే అవకలనం అర్థం కాదు. అవకలనం రాకపోతే రెండో ఏడు సమాకలనం దగ్గర ఆగిపోవాల్సిందే. బిందెలతో నీళ్ళు మోసి, వంటలో సాయపడి, చిన్నపిల్లల్ని చూసుకునే అమ్మాయికి ఈ అభ్యాసానికి మిగిలే గంటలెన్ని? వానలు ముఖం చాటేసిన ఏడు కర్నూలు పడమటి మండలాల కుటుంబాలు మిరపకోతలకూ, పత్తి తీతలకూ గుంటూరు వైపు వలసపోతాయి. ఆ నెలల్లో అమ్మాయి కూలికైనా వెళ్ళాలి, ఇంటి దగ్గర చిన్నవాళ్ళనైనా చూసుకోవాలి. ఉమ్మడి కర్నూలు జిల్లాలో హైబ్రిడ్ పత్తి విత్తనాల చేలల్లో క్రాసింగు పనికి ఏరికోరి ఆడపిల్లల్నే పెట్టుకున్న చరిత్ర కూడా మనకు తెలుసు. మూడు నెలలు పోగొట్టుకున్న అమ్మాయి తెలుగు పాఠాన్ని మళ్ళీ చదువుకోగలదు. గణితంలో పోయిన మెట్టును చెప్పేవాళ్ళు లేకుండా ఎక్కలేదు.

ఇంట్లో చెప్పేవాళ్ళు ఉంటారా అంటే, 2011 జనాభా లెక్కల ప్రకారం కర్నూలు జిల్లాలో స్త్రీల అక్షరాస్యత సుమారు 50 శాతం, కడపలో సుమారు 57 శాతం. ఇక ట్యూషన్. కొడుకును అప్పు చేసైనా పట్నంలో కార్పొరేటు కాలేజీకి పంపే తండ్రి, కూతురి విషయంలో కట్నం గుర్తు చేసుకుంటాడు. ఈ కుటుంబ బడ్జెట్టు ఎవరి తెలివినీ కొలవదు, ఎవరి చదువు మీద పెట్టుబడి పెట్టాలో మాత్రమే తేలుస్తుంది.

తీరిక దొరికిన చోట ఏం జరుగుతుందో కూడా చూద్దాం. కర్నూలు జిల్లా బనవాసిలో బాలికల గురుకుల జూనియర్ కళాశాల ఉంది. కడప జిల్లా ఇడుపులపాయలో 2008లో ట్రిపుల్ ఐటీ మొదలైంది. పదో తరగతి మార్కులతోనే చేర్చుకుని, ప్రభుత్వ బడుల పిల్లలకు కొంత అదనపు అవకాశమిచ్చి, ఇంటర్‌తో సమానమైన రెండేళ్ళనూ ఇంజనీరింగునూ కలిపి ఆరేళ్ళు అక్కడే చదివిస్తున్నారు. పల్లెటూరి కూలీల, చిన్న రైతుల కూతుళ్ళు అక్కడ ఇంజనీర్లయ్యారు. ఇంటి చాకిరీ నుంచి విడుదలై, చదువుకోవడమే పనిగా పెట్టుకోగలగడం ఇందులో పెద్ద కారణమని మనం గుర్తించాలి.

ఈ అవకాశం కొందరికే ఎందుకు ఉండాలి? 2004లో మొదలైన కస్తూర్బా విద్యాలయాలను 2018 తర్వాత ఇంటర్ దాకా పెంచారు. మంచిదే. కానీ అన్ని గ్రూపులూ అన్నిచోట్లా లేవు. దగ్గరి కస్తూర్బాలో ఏ గ్రూపు ఉంటే అదే అమ్మాయి "ఇష్టం" అయిపోతోంది. 2025-26 నుంచి బైపీసీ వాళ్ళు గణితాన్ని కూడా తీసుకునే వీలు కల్పించారు. 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ బస్సుల్లో స్త్రీలకు ఉచిత ప్రయాణం వచ్చింది. బస్సు దిగిన చోట గణితం చెప్పే అధ్యాపకులు లేకపోతే ఈ రెండూ కాగితం మీదే మిగులుతాయి.

అందుకని మనం కొన్ని అడగాలి. వెనకబడిన మండలాల్లోని ప్రతి బాలికల కళాశాలలో ఎంపీసీ, దానికి శాశ్వత అధ్యాపకులు ఉండాలి. వలస కుటుంబాల పిల్లల కోసం నడిపే సీజనల్ హాస్టళ్ళను ఇంటర్ వరకూ పొడిగించాలి. తెలుగు మాధ్యమం నుంచి వచ్చి ఇంగ్లీషు పుస్తకం ముందు బిత్తరపోయే పిల్లలకు మొదట్లో కొన్ని వారాలు రెండు భాషల్లోనూ పాఠం చెప్పాలి.

ఆడపిల్లలందరూ ఇంజనీర్లు కావాలని మనం అనడం లేదు. ర్యాంకుల కోసం సూత్రాలు బట్టీ పట్టించే చదువును పొగడటమూ లేదు. చరిత్రో సాహిత్యమో ఇష్టపడి చదువుకునే అమ్మాయిని అభినందిద్దాం. అయితే లెక్కలు కూడా అందుబాటులో ఉన్నప్పుడే దాన్ని ఆమె ఎంపిక అనగలం. ఈసారి పదో తరగతి ఫలితాలు వచ్చినప్పుడు మన ఊరి అమ్మాయిల్ని ఎన్ని మార్కులొచ్చాయని అడిగి ఊరుకోకుండా, ఏ గ్రూపు కావాలనుకుంటున్నావు, ఏది దొరికింది అని కూడా అడుగుదాం. ఆ రెండు జవాబుల మధ్య తేడాను సంఘం సమావేశంలో పెడదాం.