గోడ పగిలితే జవాబుదారు ఎవరు?

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. కట్టే ఓపిక లేక కట్టిన ఇల్లు కొనేవారు ఇప్పుడు నంద్యాలలోనూ, ఆళ్లగడ్డలోనూ చాలామందే ఉన్నారు. పిల్లల చదువుల కోసం పల్లెలో రెండెకరాలు అమ్మి వచ్చే రైతు, పదవీ విరమణ సొమ్ము చేతికందిన బడిపంతులు, బ్యాంకు అప్పు తెచ్చుకొన్న చిరుద్యోగి, వీరంతా ఇల్లు చూడబోయినప్పుడు అడిగేవి రెండే ప్రశ్నలు. వాస్తు కుదిరిందా? బోరులో నీళ్లున్నాయా? రేపు గోడ పగిలితే బాగుచేసేది ఎవరన్న మూడో ప్రశ్న ఎవరి నోటా రాదు. ఆ ప్రశ్న అడగనందుకు చెల్లించే మూల్యం ఎంతో మా బంధువుల ఇంట్లోనే చూశాను.

ఆళ్లగడ్డ దగ్గరి పల్లెలో చేను అమ్మి మా బావ నంద్యాలలో కొత్త ఇల్లు కొన్నాడు. గృహప్రవేశమైన తొలి వానాకాలం దాటకముందే కిటికీ మూల నుంచి వాలుగా ఒక పగులు లేచింది. కట్టి అమ్మినాయనకు కబురు పెడితే మేస్త్రిని పంపి పుట్టీ పూయించి, పైన రంగు కొట్టించాడు. ఎండాకాలానికి ఆ పగులే వేలు పట్టేంత అయింది. మళ్లీ కబురు, మళ్లీ పుట్టీ. వానలు పడితే సర్దుకుంటుందని ఒకసారి, ఎండలు కాస్తే సర్దుకుంటుందని ఇంకొకసారి చెబుతూ నాలుగేళ్లు గడిపాడు. పడకగది తలుపు చట్రంలో పట్టడం మానేసింది. నేల బండలు ఒకవైపు కుంగాయి. గట్టిగా నిలదీస్తే, "మన రేగడి సంగతి తెల్దా అన్నా? పగులు ల్యాని ఇల్లు యాడుందో సూపిచ్చు సూద్దాం" అన్నాడు. ఇన్నేళ్లలో మా బావ రాసిచ్చిన కాగితం ఒక్కటి లేదు. అన్నీ నోటిమాటలే. ఐదో ఏడు దాటాక ఆ పెద్దమనిషి ఫోను తీయడం కూడా మానేశాడు.

నేరం నేలదా?

రేగడిని నిందించి తప్పుకోవడం మన ప్రాంతంలో పాత అలవాటు. కుందూ నది పరిసరాల్లో, కేసీ కాలువ ఆయకట్టులో నల్లరేగడి విస్తారంగా ఉన్నది. అది వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోయి నెర్రెలు విచ్చుతుంది. ఈ సంగతి సేద్యం చేసే ప్రతివారికీ తెలుసు. ఇల్లు కట్టి అమ్మేవారికి అంతకన్నా బాగా తెలియాలి. తెలిసి కట్టినప్పుడు నేలమీద నెపం వేయడం చెల్లదు.

రేగడిలో నిలిచే పునాది వేయడం కొత్త విద్యేమీ కాదు. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ ఇటువంటి నేలల కోసం అడుగున గుబ్బలాగా వెడల్పయ్యే పైల్ పునాదుల పద్ధతిని దశాబ్దాల కిందటే రూపొందించింది. చిన్న ఇంటికైతే రేగడిని తగినంత లోతు తవ్విపోసి, గ్రావెల్ నింపి దిమ్మిస కొట్టడం, గోడల కింద చుట్టూ ప్లింతు బీము వేయడం, వాన నీరు పునాదిలోకి ఇంకకుండా ఇంటి చుట్టూ వాలుగా బండపరుపు చేయడం ఇంజనీర్లు చెప్పే మాటలే. ఎండలు మండే చోట కాంక్రీటును కనీసం పది రోజులు తడపాలని భారత ప్రమాణాలు నిర్దేశిస్తున్నాయి. మూడు రోజులు నీళ్లు చల్లి నాలుగో రోజు పైగోడ లేపేవారు పగులుకు నేలను తిట్టడం ఏమి న్యాయం?

చట్టం ఏమంటున్నది?

స్థిరాస్తి నియంత్రణ చట్టం, అనగా రెరా చట్టం 2016లో వచ్చింది. 2017 మే 1 నుంచి పూర్తిగా అమలులో ఉన్నది. అందులోని 14వ సెక్షను ప్రకారం, ఇల్లు స్వాధీనం చేసిన నాటి నుంచి ఐదేళ్లలోపు నిర్మాణ లోపం గాని, పనితనంలో, నాణ్యతలో లోపం గాని కొనుగోలుదారు తెలియజేస్తే, నిర్మాణదారు 30 రోజుల్లో పైసా తీసుకోకుండా సరిచేయాలి. చేయకుంటే నష్టపరిహారం కోరే హక్కు కొనుగోలుదారుకు ఉన్నది. విజయవాడలోని రెరా సంస్థకు ఆన్‌లైనులో ఫిర్యాదు చేయవచ్చు.

ఇక్కడ రెండు సంగతులు గమనించాలి. మొదటిది, ఆ ఐదేళ్లు లోపాన్ని తెలియజేయడానికి పెట్టిన గడువు. నిర్మాణదారు వాయిదాలు వేసి గడువు దాటించినా, లోపల మనం తెలియజేసినట్లు రుజువు ఉంటే అతని బాధ్యత తీరిపోదు. మా బావకు లోపించింది ఆ రుజువే. రెండోది, గడువు లెక్క స్వాధీనం చేసిన రోజు నుంచి మొదలవుతుంది. గృహప్రవేశం శుభలేఖను దాచుకొన్నంత శ్రద్ధగా, తేదీ వేసి సంతకం చేసిన స్వాధీన పత్రాన్ని కూడా అడిగి తీసుకొని దాచుకోవాలి.

అయితే ఈ చట్టంలో మన ఊళ్లవారికి తగిలే పెద్ద చిక్కు ఒకటి ఉన్నది. స్థలం 500 చదరపు మీటర్లు, అంటే సుమారు పన్నెండుంబావు సెంట్లు మించకపోయినా, ఫ్లాట్లు ఎనిమిది మించకపోయినా రెరాలో నమోదు అక్కరలేదు. హైదరాబాదులో ముప్పై అంతస్తులు కట్టేవారికి ఈ మినహాయింపు దొరకదు. నంద్యాలలో ఐదు సెంట్లలో నాలుగు పోర్షన్లు లేపి అమ్మేవారికి మాత్రం దొరుకుతుంది. ఈ హద్దును ఇంకా తగ్గించే అధికారాన్ని చట్టమే రాష్ట్ర ప్రభుత్వాలకు ఇచ్చింది. చిన్న పట్టణాల కొనుగోలుదారులను కాపాడాలంటే ఆ అధికారాన్ని వాడాలి.

చిన్న ఇంటివారికి దారి

నమోదు లేని ఇల్లు కొన్నవారికి, మేస్త్రికి అడుగుకింత అని కాంట్రాక్టు ఇచ్చి కట్టించుకొన్నవారికి దారి లేకపోలేదు. వినియోగదారుల రక్షణ చట్టంలో గృహనిర్మాణం కూడా సేవ కిందికే వస్తుంది. ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థలకు సైతం ఇది వర్తిస్తుందని సుప్రీంకోర్టు 1993లో లక్నో డెవలప్‌మెంట్ అథారిటీ కేసులో తేల్చి చెప్పింది. 2019 చట్టం ప్రకారం తాను నివసించే చోటి జిల్లా కమిషనులోనే కేసు వేసుకోవచ్చు. చెల్లించిన సొమ్ము 50 లక్షల వరకు ఉంటే జిల్లా కమిషనే విచారిస్తుంది. 5 లక్షల వరకు రుసుము లేదు. వకీలు లేకుండా స్వయంగా వాదించుకోవచ్చు. సలహాకు 1915 నెంబరుకు ఫోను చేయవచ్చు. కాని ఇక్కడ గడువు రెండేళ్లే, అదీ వ్యాజ్యానికి కారణం పుట్టిన నాటి నుంచి. పుట్టీ పూతలతో కాలం గడిపితే ఈ దారి కూడా మూసుకుపోతుంది.

ఏ దారి పట్టినా చేతిలో ఉండవలసినవి కొన్ని ఉన్నాయి. ఒప్పంద పత్రం, సొమ్ము చెల్లించిన రసీదులు, మంజూరైన ప్లాను భద్రపరచాలి. పగులు కనబడిన రోజే పక్కన స్కేలు పెట్టి ఫోటో తీయాలి. పగులుకు అడ్డంగా సన్నని గాజుపలకను సిమెంటుతో అంటించి తేదీ రాయడం ఇంజనీర్ల పాత పద్ధతి. గాజు చిట్లితే పగులు ఇంకా కదులుతున్నదని అర్థం. అప్పుడు లోపాలను వరుసగా రాసి నిర్మాణదారుకు నోటీసు పంపాలి. రిజిస్టర్డ్ పోస్టు 2025లో స్పీడ్ పోస్టులో కలిసిపోయింది గనుక ఆ విధంగానే పంపి, అందినట్లు రుజువు ఉంచుకోవాలి. 30 రోజుల్లో కదలిక లేకుంటే అర్హత గల ఇంజనీరు చేత నివేదిక రాయించాలి. కేసులో నోటిమాట కన్నా ఆ నివేదికకే బలం.

న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి. ప్రతి పగులూ కట్టినవాని తప్పు కాదు. ప్లాస్టరింగు ఆరేటప్పుడు పడే వెంట్రుకవాసి చారలతో ఇల్లు కూలదు. ఒక అంతస్తుకు వేసిన పునాది మీద మూడంతస్తులు లేపినా, గోడ మొదట్లో వేపచెట్టు పెంచినా, స్నానాల గది నీళ్లు పునాది పక్కనే వదిలినా ఆ తప్పు ఇంటివారిదే. కిటికీ మూలల నుంచి వాలుగా పాకే పగులు, స్తంభానికీ గోడకూ మధ్య విడిపోయే సందు, కుంగిన నేల వంటివాటిని మాత్రం తక్షణమే ఇంజనీరుకు చూపాలి. రెంటినీ వేరుచేయగలవాడు ఇంజనీరే గాని పుట్టీ డబ్బాతో వచ్చే మేస్త్రి కాదు.

కట్టినవాడు జవాబు చెప్పాలన్న నియమం నిన్న మొన్న పుట్టింది కాదు. దాదాపు 3,700 ఏళ్ల కిందట బాబిలోనియాను ఏలిన హమ్మురాబి శాసనంలో, కూలిన ఇంటిని కట్టినవాడే తన ఖర్చుతో తిరిగి కట్టాలని ఉన్నది. ఫ్రాన్సు 1978లో చేసిన చట్టం నిర్మాణదారు పదేళ్ల బాధ్యతకు బీమాను తప్పనిసరి చేసింది. మన చట్టం ఐదేళ్లు ఇచ్చింది. ఆ ఐదేళ్లయినా కాగితం మీద మిగిలిపోకూడదు.

2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా కేంద్రమైంది. జిల్లా కేంద్రమైన ఊరికి కొత్త కాలనీలు రాక తప్పదు. అందుచేత రేగడి నేలల్లో ఇంటి ప్లాను మంజూరు చేసేటప్పుడు నేల పరీక్ష నివేదికను నంద్యాల, ఆళ్లగడ్డ పురపాలక అధికారులు విధిగా అడగాలి. నెలకొక రోజు పగుళ్ల ఫిర్యాదులు తీసుకొని, ఇంజనీరును పంపి చూపించే ఏర్పాటు చేయాలి. ఇల్లు అమ్మకం ఒప్పందంలో లోపాల బాధ్యత, దాని గడువు, కట్టినవారి చిరునామా తెలుగులో రాయించే పద్ధతి రావాలి. రాష్ట్ర ప్రభుత్వం రెరా హద్దును తగ్గించాలి.

ఇవన్నీ జరిగేవరకు కొనేవారు ఒక్క పని చేయాలి. బయానా ఇచ్చేముందు ఆ మూడో ప్రశ్న అడగాలి, జవాబును కాగితం మీద రాయించుకోవాలి. రాయడానికి వెనుకాడేవాని ఇల్లు ఎంత చౌకైనా కొనవద్దు. మా బావ ఇప్పుడు ఇల్లు చూడబోయే ప్రతివారికీ చెబుతున్న మాట ఇదే.