చుక్క చాటున తాళంచెవి

ఏడాదంతా ఎలా ఉన్నా మామిడికాయల రోజులు వచ్చాయంటే మా వదినకు ఊపిరి సలపదు. రాజమండ్రిలో ఇంట్లోనే పచ్చళ్లు పెట్టి ఊరూరికీ పంపిస్తుంటుంది. ఎవరికి ఎన్ని కిలోలు, ఏ చిరునామాకు, డబ్బు ముట్టిందా లేదా... ఇవన్నీ వెబ్‌సైట్ నుంచి అద్దె సర్వర్‌లోని డేటాబేస్‌లోకి చేరతాయి. రోజూ తన మ్యాక్ కంప్యూటర్‌లో సీక్వెల్ ఏస్ అనే సాఫ్ట్‌వేర్ తెరిచి, ఆ పట్టిక చూసుకుని జాడీలు సర్దుతుంది. ఈ ఏర్పాటంతా చేసిపెట్టింది డాలస్‌లో ఉండే ఆమె అక్క కొడుకు.

ఆ రోజు పదకొండింటికి ఫోన్ చేసింది. ‘‘ఏమయ్యా మరిదీ, పేపర్లో కంప్యూటర్ల గురించి రాస్తావుగా! నా తాళంచెవి పోయింది’’ అంది. బీరువాదేమో అనుకున్నాను. కాదు, సర్వర్‌ది! సాఫ్ట్‌వేర్ ఏదో మొరాయిస్తే తీసేసి మళ్లీ వేసుకుందట. అది పాత వివరాలన్నీ మరిచిపోయి ‘ఎస్‌ఎస్‌హెచ్ కీ ఎక్కడుంది?’ అని అడుగుతోంది. ‘డాట్ ఎస్‌ఎస్‌హెచ్ ఫోల్డర్‌లో’ అని అబ్బాయి కాగితం మీద రాసిచ్చాడు. తీరా చూస్తే అలాంటి ఫోల్డరే కనిపించడం లేదు. మూడింటికి కొరియర్ వాళ్లు వస్తారు. డాలస్‌లో అర్ధరాత్రి దాటింది.

తాళం ఒకటి... చెవి ఒకటి

అసలు ఈ ఎస్‌ఎస్‌హెచ్ ఏమిటంటారా? ‘సెక్యూర్ షెల్’కు పొట్టి పేరు. దూరాన ఉన్న కంప్యూటర్‌తో ఎవరికీ వినపడకుండా మాట్లాడే పద్ధతి. 1995లో ఫిన్లాండ్‌లోని హెల్సింకి టెక్నాలజీ విశ్వవిద్యాలయంలో తతు ఇలోనెన్ దీన్ని తయారుచేశారు. అక్కడి నెట్‌వర్క్‌లో పాస్‌వర్డ్‌లను ఎవరో దొంగచాటుగా పట్టుకోవడమే అందుకు కారణం.

ఇందులో పాస్‌వర్డ్‌కు బదులు రెండు ఫైళ్ల జత వాడవచ్చు. ఒకటి పబ్లిక్ కీ. పేరుకు కీ అయినా, అది తాళంకప్ప లాంటిది. దాన్ని సర్వర్ తలుపుకు వేస్తారు. ఎవరు చూసినా నష్టం లేదు. రెండోది ప్రైవేట్ కీ. ఇదే అసలు తాళంచెవి. మన కంప్యూటర్ దాటి బయటకు పోకూడదు. చెవి ఉంటే కప్పను మళ్లీ తయారుచేసుకోవచ్చు కానీ, కప్పను చూసి చెవి తయారుచేయడం కుదరదు.

ఎందుకు కనపడదు?

మ్యాక్, లైనక్స్ రెండూ యూనిక్స్ సంప్రదాయంలోవి. అందులో పేరు ముందు చుక్క ఉన్న ఫైలుగానీ ఫోల్డర్‌గానీ మామూలుగా కంటికి కనపడదు. ఇదేదో పెద్ద ఆలోచనతో చేసింది కాదట. ప్రతి ఫోల్డర్‌లోనూ ఒంటి చుక్క, జంట చుక్కల పేర్లతో రెండు నమోదులుంటాయి. జాబితాలో అవి అడ్డురాకుండా ‘చుక్కతో మొదలైతే వదిలెయ్’ అని ఓ చిన్న వాక్యం రాశారు. దాంతో చుక్కతో మొదలయ్యే ప్రతిదీ మాయమైంది! యూనిక్స్ బృందంలో పనిచేసిన రాబ్ పైక్ 2012లో ఈ కథ చెప్పారు.

అంటే వదిన తాళంచెవి పోలేదు. చుక్క చాటున దాక్కుంది.

ఒక్క అక్షరం దూరంలో

ఇంతలో వదిన ఇంకో మాట చెప్పింది. పక్కింటి కుర్రాడు ‘కొత్త కీ చేసుకోండి ఆంటీ’ అని టెర్మినల్‌లో కొట్టాల్సిన ఆదేశం చెప్పాడట. అలాగే కొట్టి, ఎంటర్ నొక్కితే ‘ఈ పేరుతో ఫైలు ఇప్పటికే ఉంది. దాని మీదే రాసేయమంటారా? వై ఆర్ ఎన్’ అని అడుగుతోందట. ‘‘వై కొట్టనా?’’ అంది. నా గుండె ఆగినంత పనైంది.

వై కొడితే పాత చెవి చెరిగిపోతుంది. కొత్త చెవి వస్తుంది కానీ, సర్వర్ తలుపుకున్నది పాత తాళమే కదా! డాలస్ అబ్బాయి లేచి, సర్వర్ అద్దెకిచ్చిన కంపెనీ ఖాతాలోంచి లోపలికెళ్లి కొత్త తాళం బిగించేదాకా ఆర్డర్లు చూసే దారే ఉండదు. ‘‘ఎన్ కొట్టు వదినా’’ అన్నాను. ఒక రకంగా ఆ ప్రశ్న మేలే చేసింది. ఫైలు ఉంది కాబట్టే కదా అలా అడిగింది!

ఇలా వెతకండి

సీక్వెల్ ఏస్‌లో ఎస్‌ఎస్‌హెచ్ ట్యాబ్‌లో తాళంచెవి బొమ్మ నొక్కితే ఫైలు ఎంచుకునే కిటికీ తెరుచుకుంటుంది. అందులో మీ పేరుతో ఉన్న హోమ్ ఫోల్డర్‌కు వెళ్లి కమాండ్, షిఫ్ట్, చుక్క మీటలు మూడూ కలిపి నొక్కండి. దాగినవన్నీ మసకగా బయటపడతాయి. మళ్లీ నొక్కితే దాక్కుంటాయి. డాట్ ఎస్‌ఎస్‌హెచ్ ఫోల్డర్‌లో ‘ఐడీ_ఈడీ25519’ లేదా ‘ఐడీ_ఆర్‌ఎస్‌ఏ’ పేరుతో జంట ఫైళ్లుంటాయి. చివర ‘డాట్ పబ్’ ఉన్నది తాళంకప్ప. అది వద్దు. తోక లేనిదాన్ని ఎంచుకోండి.

లైనక్స్‌లో చాలా కిటికీల్లో కంట్రోల్, హెచ్ కలిపి నొక్కితే చాలు. విండోస్‌లో చుక్క పెట్టినంత మాత్రాన ఫోల్డర్ దాక్కోదు. సీ డ్రైవ్‌లో యూజర్స్ కింద మీ పేరున్న ఫోల్డర్‌లోనే కనిపిస్తుంది. ఫైలే కనపడకపోతే, కిటికీ అడుగున ఫైళ్ల రకం ఎంచుకునేచోట ‘ఆల్ ఫైల్స్’ పెట్టి చూడండి.

వదిన మూడు మీటలూ నొక్కింది. ‘‘అమ్మయ్య, వచ్చిందయ్యా’’ అని ఒక్క కేక. మరుక్షణం పట్టిక తెరుచుకుంది.

ఈ జాగ్రత్తలు మరవొద్దు

* ఆ కుర్రాడు అంతకుముందు ‘కీ ఫైలు వాట్సాప్‌లో పంపండి, నేను చూస్తా’ అన్నాడట. దొరకలేదు కాబట్టి సరిపోయింది! ప్రైవేట్ కీని ఎవరికీ, ఎంత దగ్గరివారికైనా పంపవద్దు. పొరపాటున పంపితే సర్వర్‌లో పాత తాళం తీయించి కొత్త జత వేయించుకోండి.

* సులువుగా దొరుకుతుందని డెస్క్‌టాప్ మీద పెట్టుకోకండి. ఉన్నచోటే ఉంచండి.

* కీకి పాస్‌ఫ్రేజ్ పెట్టుకోండి. అప్పుడు ఫైలు వేరేవాళ్ల చేతిలో పడినా వెంటనే పనికిరాదు.

* పాత కంప్యూటర్ అమ్మేముందు, ఫార్మాట్ చేయించేముందు ‘అన్నీ సెలెక్ట్ చేసి కాపీ చేశాం’ అనుకుంటాం. కనపడని ఫోల్డర్లు ఆ ‘అన్నీ’లో ఉండవు. ముందు వాటిని బయటకు రప్పించి, పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి బీరువాలో పెట్టండి.

* ఆ కాపీని తిరిగి మ్యాక్‌లోనో లైనక్స్‌లోనో వేశాక కీ పనిచేయకపోతే అనుమతులు చూడండి. యజమాని తప్ప ఇతరులు చదవగలిగేలా ఉన్న కీని ఎస్‌ఎస్‌హెచ్ ఒప్పుకోదు.

సాయంత్రం డాలస్ నుంచి ఫోన్ వచ్చింది. జరిగిందంతా విని, ‘‘పిన్నీ, ఆ వై మాత్రం కొట్టలేదు కదా?’’ అన్నాడట ఆ అబ్బాయి. అప్పటికి జాడీలన్నీ బండెక్కేశాయి. నా వాటా జాడీ మాత్రం ఇంకా రావాల్సి ఉంది!