కత్తి వదిలేశాక పని

హింస మానేసిన మనిషి కథ మన సినిమాకు కొత్త కాదు. 2002లో వచ్చిన ‘ఇంద్ర’లో సీమ పగలకు దూరంగా కాశీలో టాక్సీ నడుపుకునే మనిషిని చూపించారు. హాలు మాత్రం ఎదురుచూసింది ఆ టాక్సీ డ్రైవరు కోసం కాదు, అతని అసలు పేరు బయటపడే ఘడియ కోసం. మన దగ్గర శాంతం ఒక మారువేషం. ఎంత తొందరగా చిరిగితే అన్ని ఈలలు.

2023లో వచ్చిన జపాన్ యానిమే ‘విన్‌లాండ్ సాగా’ రెండో సీజన్ ఆ ఘడియను ఇవ్వనని మొండికేసింది. యుద్ధాలకు అలవాటుపడ్డ ప్రేక్షకులు కొందరు విసుక్కున్నారు కూడా.

మకోటో యుకిముర 2005లో మొదలుపెట్టి 2025లో ముగించిన మాంగా దీనికి మూలం. కాలం పదకొండో శతాబ్దం, మనుషులు వైకింగులు. 2019 నాటి మొదటి సీజన్ నిండా పగే. తండ్రిని చంపిన ఆస్కెలాడ్‌ను ద్వంద్వయుద్ధంలో ఓడించాలని థోర్ఫిన్ అనే కుర్రాడు వాడి ముఠాలోనే చేరతాడు, వాడు చూపించిన వాళ్లనల్లా చంపుతూ పెరుగుతాడు. తీరా ఆస్కెలాడ్ వేరొకరి చేతిలో పోతాడు. పగ తీరలేదు సరికదా, తీర్చుకోవడానికి మనిషే లేకుండా పోయాడు.

ఆ తర్వాత థోర్ఫిన్ డెన్మార్క్‌లో కేతిల్ అనే ఆసామి పొలంలో బానిస. ఏనార్ అనే మరో బానిసతో కలిసి అడవి కొట్టాలి, మొదళ్లు పెకలించాలి, గోధుమ పండించాలి. ఆ పంట డబ్బుతో తమను తాము కొనుక్కోవచ్చు. దున్నడానికి గుర్రం కావాలి, అది అడిగితే ఇచ్చేవాళ్లుండరు; ఆసామి ముసలి తండ్రి కనికరిస్తే గాని పని సాగదు. దర్శకుడు షూహే యబుత ఈ చాకిరీని పాటలో కలిపి దాటేయలేదు. ఏనార్ సొంత ఊరిని తగలబెట్టింది థోర్ఫిన్ లాంటి వాళ్లే. ఆ సంగతి తెలిసిన రోజున అతని చేతులు ఎటు వెళ్లాలో తేల్చుకోలేని ఆ కాసేపు నాకు మొదటి సీజన్ యుద్ధాలన్నిటికంటే భారంగా తోచింది.

ఇక్కడ నాకో పేచీ ఉంది. అర్నెయిద్ అనే బానిస స్త్రీని, ఆమె గర్భిణి అని తెలిసీ, మంచివాడని పేరున్న కేతిల్ కొట్టిన దెబ్బలకు ఆమె చనిపోతుంది. కథ ఆ చావును థోర్ఫిన్ సంకల్పానికి మెట్టుగా వాడుకుంది. బానిసలూ యుద్ధమూ లేని ఊరొకటి కడదామని అతను తేల్చుకున్నది తన కళ్లముందే ఆమె ప్రాణం విడిచాకే. ఒక మగవాడి మనసు మారడానికి ఒక ఆడమనిషి పోవలసిరావడం మన పాత కథలకూ బాగా అలవాటైన దారి. యుకిముర అంతటి రచయిత కూడా దాన్ని తప్పించుకోలేకపోయాడు.

దాన్ని క్షమించేలా చేసేది చివరి ఘట్టం. సైన్యం ఖర్చుల కోసం కేతిల్ పొలాన్ని లాక్కోవడానికి రాజు కాన్యూట్ దండెత్తి వస్తాడు. అతణ్ణి కలవాలంటే వంద దెబ్బలు తినమంటారు. థోర్ఫిన్ తింటాడు, చెయ్యెత్తడు. కొడుతున్నవాడితో తనకు శత్రుత్వమే లేదంటాడు. రాజు మాట వినకపోతే ఏం చేస్తావంటే, పారిపోతానంటాడు. వీరగాథలో నాయకుడు ఈ మాట పౌరుషంగా అనడం ఎక్కడ చూశాం? కాన్యూట్ కూడా యుద్ధం లేని లోకం కావాలనే అంటాడు. కాకపోతే అన్నకు విషం పెట్టించి ఆ పని మొదలుపెట్టాడు. ఇద్దరి గమ్యమూ ఒకటే కావడంతో ఆ సంభాషణలో ఎవరినీ పూర్తిగా తోసిపుచ్చలేం.

యుకిముర ముందున్న అసలు చిక్కు ఇంకోటి. థోర్ఫిన్ కార్ల్‌సెఫ్ని ఐస్‌లాండ్ పాత గాథల్లో ఉన్న మనిషి. పశ్చాత్తాపం గొడవ అక్కడ లేదు, అది ఈ రచయిత కల్పన. అతను ఆ ఊరు కట్టాలనుకున్న విన్‌లాండ్ మాత్రం ఉత్త కల్పన కాదు. కెనడా న్యూఫౌండ్‌లాండ్‌లో లాన్స్ ఓ మెడోస్ దగ్గర 1960లో నార్స్ (వైకింగుల) జనావాసం ఆనవాళ్లు బయటపడ్డాయి. అక్కడి కలప క్రీ.శ. 1021లో నరికిందని 2021లో తేల్చారు. కత్తి పట్టనన్న మనిషి ఊరు కట్టబోయే ఆ గడ్డ మీద అప్పటికే జనం ఉన్నారు. వాళ్లతో పోరు పడలేకే వలసవచ్చినవాళ్లు వెనుదిరిగారని గాథలు చెబుతున్నాయి. యానిమే రెండో సీజన్, థోర్ఫిన్ ఐస్‌లాండ్‌లో తల్లి ముందు నిలబడేదాకా వచ్చి ఆగింది. పడవ ఇంకా బయల్దేరలేదు.