నవ్వించారు సరే, గడప బయట కూర్చున్నోళ్ల సంగతేంది?

2025 జనవరి 24న అమెజాన్ ప్రైమ్‌లో 'సివరపల్లి' వచ్చింది. పంచాయతీ ఆఫీసు మీద తెలుగులో కామెడీ సిరీస్ అనంగానే మనలో చానామందిమి ఆశగా చూశాం. ఎందుకంటే మన బతుకుల్లో ఆ ఆఫీసు చిన్నది కాదు. పింఛను, ఇల్లు, ఉపాధి పని, ఏది కావాలన్నా ముందు ఆ గడప కాడికే పోవాలి.

చూసినాక మిగిలింది నిరాశ.

తప్పు నటులది కాదు. రాగ్ మయూర్ బాగా చేశాడు. మురళీధర్ గౌడ్ నోరు తెరిస్తే నవ్వొస్తది. కానీ 2020లో హిందీ 'పంచాయత్' తీసిన టీవీఎఫ్ వాళ్లే దాని మొదటి సీజన్‌ను తెచ్చి తెలుగులోకి దించారు. ఉత్తరప్రదేశ్‌లోని బల్లియా జిల్లా ఊరి కోసం అల్లిన కథకు తెలంగాణ యాస తొడిగారు. యాస మారింది, ఊరు మారలేదు.

తెలంగాణలో కథలకు కరువా? 2018లో కొత్త పంచాయతీరాజ్ చట్టం వచ్చింది. వెయ్యికి పైగా తండాలు, గూడేలు సొంత పంచాయతీలయ్యాయి. జూనియర్ పంచాయతీ కార్యదర్శులను తీసుకున్నారు. పర్మినెంట్ చేయమని వాళ్లు 2023 ఏప్రిల్ నెలాఖరున సమ్మెకు దిగారు. ఆఫీసు కథంటే అది గదా! ఆ మార్పుల చుట్టూ ఈ సిరీస్ నడవదు. దాని బాధంతా ఒక్కటే: చదువుకున్న కుర్రోడు ఇష్టం లేని పల్లెలో ఎట్లా ఇరుక్కున్నాడని.

అసలు పేచీ ఇక్కడుంది. కెమెరాను సెక్రటరీ కుర్చీ పక్కన పెట్టారు. ఆయన విసుగు మనకు తెలుస్తది. ఆయన కోసం బయట అరుగు మీద పొద్దున్నించి కూర్చున్న మనిషి విసుగు తెలవదు. పల్లె ఆయనకు కొన్నాళ్ల కష్టం. మనకు జీవితం.

రెండో సంగతి సర్పంచ్ భర్త. గెలిచింది భార్య, పెత్తనం మొగుడిది. సిరీస్‌లో అది ముచ్చటైన ఇంటి గొడవ. మన రాష్ట్రంలో 2011 నుంచి స్థానిక సంస్థల్లో ఆడవాళ్లకు సగం సీట్లు. ఆ సీట్ల వెనక వేరేవాళ్లు కూర్చోవడం ఎంత ముదిరిందంటే, 2023లో కేంద్ర పంచాయతీరాజ్ శాఖ దీని మీద కమిటీ వేసింది. 2025 మార్చిలో అదే శాఖ 'అస్లీ ప్రధాన్ కౌన్' అని అవగాహన ఫిలిం విడుదల చేసింది. తీసిందెవరు? అదే టీవీఎఫ్! ముందు మొగుడి పెత్తనాన్ని నవ్వుగా అమ్మి, తర్వాత దాన్నే తప్పని పాఠం చెప్పారు. ఎస్టీ రిజర్వుడు సీటులో మన మనిషిని గెలిపించి, చెక్కు మీద సంతకం కాడ మాత్రం ఇంకొకరు చెయ్యి పట్టి రాయిస్తే అది ముచ్చట కాదు, దోపిడీ.

ఇప్పుడు మన నల్లమలకు రండి. కృష్ణకు అవతల అమ్రాబాద్ దిక్కు చెంచు గూడేలు షెడ్యూల్డ్ ప్రాంతంలో ఉన్నాయి, వాళ్లకు 1996 పెసా చట్టం వర్తిస్తది. ఇవతల పాలుట్లలో, పుల్లలచెరువు, అర్ధవీడు గూడేల్లో ఉన్న మన చెంచులకు అది లేదు. ఒకే అడవి, ఒకే తెగ, మధ్యలో ఏరు. చేతిలో మిగిలింది 2006 అటవీ హక్కుల చట్టం. దాని ప్రకారం పట్టా దరఖాస్తు మొదలయ్యేది గ్రామసభలోనే. అంటే ఆ సభ నిజంగా జరిగిందా, కాగితం మీదే జరిగిందా అన్నదాని మీద మన భూమి ఆధారపడి ఉంది.

ఇందులో నవ్వు లేదనుకోకండి, కావాల్సినంత ఉంది. తేనె, జిగురు తెచ్చి తెచ్చి వేళ్ల గీతలు అరిగిపోయిన ముసలవ్వ మిషన్ మీద పదిసార్లు వేలు పెడతది. మిషనేమో నువ్వు నువ్వు కాదంటది. అవ్వ దాన్ని తిట్టే తిట్లు రాస్తే ఒక ఎపిసోడ్ నిండుతది! ఆ నవ్వు అవ్వ పక్కన నిలబడి నవ్వేది. అది రాయాలంటే అరుగు మీద కూర్చుని చూడాలి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఇంకో సీజన్ కోసం ఎదురుచూడటం ఎందుకు? ఫోన్ మీ చేతిలోనే ఉంది. ఆఫీసు కథను బయటినుంచి, మీ మాటలో మీరే చెప్పండి. దానికన్నా ముందు ఒక పని చేయండి. మీ పంచాయతీలో కిందటి గ్రామసభ తీర్మానం నకలు అడగండి, ఇవ్వకపోతే సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి. అందులో ఎవరి సంతకాలున్నాయో, ఆ రోజు వాళ్లు నిజంగా ఊళ్లో ఉన్నారో లేదో మీ అమ్మనో, అవ్వనో అడగండి.